సోమవారం నుంచి శనివారం దాకా
తెలుగు క్రైస్తవుల నిత్య జీవితం – కొన్ని చరిత్ర పుటలు

మన పాఠశాల స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కమిటీ మిత్రులు అడిగారు. కాప్రా చెరువు గురించీ, పాత ఊరి గురించీ, మన బడి పుట్టుపూర్వోత్తరాల గురించీ నాకంటె బాగా రాయగలవారు మనలోనే ఉన్నారు. నేను చాలా ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి, క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాణ్ణి. అందుకని ఎంతోకాలంగా నా మనసులో ఉన్న ఒక ప్రశ్నను ఇక్కడ విషయంగా తీసుకున్నాను. ఆదివారం గుడిలో ఒప్పుకున్న విశ్వాసం మిగిలిన ఆరు రోజులూ ఎక్కడ ఉండేది? మన తెలుగు నేల మీద మామూలు మనుషులు దాన్ని పొలంలో, వంటింట్లో, కూలి దగ్గర ఎలా బతికారు?

మన తరగతుల్లో అన్ని మతాల పిల్లలమూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. కాబట్టి ఇది ఏ మతానికీ ప్రచారం కాదని ముందే మనవి చేస్తున్నాను. మన పక్కింటివారి తాతముత్తాతల కథగా చదవండి.

కాప్రాకు వచ్చినవారు

1967లో ఈసీఐఎల్ వచ్చింది. దాన్ని నిలబెట్టిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు గారి పేరు మీదే ఎ.ఎస్.రావు నగర్ వెలిసింది. 1971లో పక్కనే అణు ఇంధన కర్మాగారం, మనం ఎన్.ఎఫ్.సి. అని పిలిచేది, ఏర్పడింది. మౌలాలిలో రైల్వే వారు, సైనిక్‌పురిలో మాజీ సైనికులు ఉండనే ఉన్నారు. కాప్రా, కుషాయిగూడ అంతవరకూ పల్లెటూళ్ళు. కొద్ది ఏళ్ళలోనే కోస్తా నుంచీ, రాయలసీమ నుంచీ, తెలంగాణ జిల్లాల నుంచీ ఉద్యోగాల కోసం వచ్చిన కుటుంబాలతో నిండిపోయాయి.

అలా వచ్చినవారిలో క్రైస్తవులూ ఉన్నారు. ఒంగోలు వైపు వారు బాప్టిస్టులు, గుంటూరు వారు లూథరన్లు, మహబూబ్‌నగర్ వారు మెన్నొనైట్ బ్రెదరన్, మెదక్, నిజామాబాద్ వారు పాత వెస్లియన్ మెథడిస్టులు, వరంగల్, కృష్ణా వారు దోర్నకల్ ఆంగ్లికన్లు. ఈ చివరి రెండు శాఖలూ 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంలో, అంటే మనం సి.ఎస్.ఐ. అనే దానిలో, కలిసిపోయాయి. రోమన్ కాథలిక్కులు సరేసరి. సొంత ఊళ్ళో ఒకరి గుడికి మరొకరు వెళ్ళని వీళ్ళందరూ ఇక్కడ క్వార్టర్సు ముందు గదిలో చాప పరచుకుని కలిసి ప్రార్థన చేసుకోవడం నేను చూశాను. అందరి చేతిలోనూ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉండేది. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు ఏ శాఖవారికైనా నోటికి వచ్చేవి. రాగం దగ్గర మాత్రం చిన్న చిన్న తగాదాలు వచ్చేవి. ఎవరి ఊరి రాగం వారికి ముద్దు.

ఆ చాప మీద కూర్చున్నవారి వెనక ఒక్కొక్క జిల్లా చరిత్ర ఉంది. చిన్నప్పుడు అది నాకు తెలియదు. చరిత్ర చదువుకున్నాక తెలిసింది.

మూడు నియమాలు

ఒంగోలుకు పడమర పల్లెల్లో యెర్రగుంట్ల పేరయ్య గారు తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ పెద్ద. ఏలూరు వైపు వ్యాపారానికి వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీ దగ్గర ఈ కొత్త బోధ విన్నారు. అంతకుముందే యోగమార్గంలో గురువుల దగ్గర నేర్చుకున్న మనిషి. 1866లో బాప్తిస్మం తీసుకున్నారు. అదే ఏడాది అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టారు. కానీ క్లౌ రాకముందే పేరయ్య గారు తనవారి మధ్య బోధ మొదలుపెట్టి ఉన్నారు. ఈ సంగతి మనవాళ్ళు తరచు మరచిపోతారు. ఆ ఉద్యమానికి మొదటి బోధకుడు తోళ్ళు అమ్ముకునే తెలుగువాడు.

ఆ తొలి సంఘాల్లో చేరదలచినవారికి మూడు నియమాలు ఉండేవి. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు.

వినడానికి ఇవి చాలా చిన్న మాటలు. ఆనాటి పల్లె బతుకులో పెట్టి చూస్తే ఎంత బరువో తెలుస్తుంది. మాదిగలు రైతుకు మోట తోలు కుట్టాలి, చెప్పులు కుట్టాలి, జాతరలో డప్పు కొట్టాలి, చచ్చిన గొడ్డును ఊరి బయటకు ఈడ్చాలి. దానికి బదులుగా కళ్ళంలో మేర గింజలు దొరికేవి. ఆదివారం మోట తోలు చినిగితే కుట్టనన్నవాడు కోతలప్పుడు గింజలు పోగొట్టుకునేవాడు. జాతరకు డప్పు పట్టనన్నవాడికి ఊరంతా విరోధి. చచ్చిన గొడ్డు తిననన్న ఇంట్లో కరువు నెలల్లో అసలు మాంసమే లేదు. ఊరి పెద్దలు వీళ్ళకు పని ఇవ్వకుండా, బావి దగ్గరకు రానివ్వకుండా కట్టడి చేసిన సందర్భాలు ఉన్నాయి.

అంటే వీళ్ళ విశ్వాసం మొదట కనిపించిన చోటు తిండి పళ్ళెం, పని దినం. వారంలో ఒక రోజు తన ఒంటి మీద తనకే హక్కు ఉందని అనడం, తరతరాలుగా ఇతరుల అవసరానికి బతికిన మనిషికి ఎంత పెద్ద మాటో మన సెలవుల రోజుల్లో పుట్టినవాళ్ళకు అర్థం కావడం కష్టం. వీళ్ళెవరూ చదువుకున్నవారు కారు. మత సిద్ధాంతం వివరించమంటే నాలుగు మాటలు చెప్పగలిగేవారేమో. ఆదివారం పనికి రామని మాత్రం రైతు ముందు నిలబడి చెప్పారు.

కరువులో కూలి

1876 నుంచి 1878 వరకు దక్షిణ దేశాన్ని మహా కరువు కాల్చింది. తెలుగులో దాన్ని ధాత కరువు అంటారు. అప్పట్లో ప్రభుత్వం కోస్తా వెంబడి బకింగ్‌హాం కాలువ తవ్విస్తున్నది. క్లౌ గారికి సర్వే పని తెలుసు. ఆయన కాలువలో కొన్ని మైళ్ళ పని కాంట్రాక్టుగా తీసుకుని ఆకలితో వచ్చినవారిని పనిలో పెట్టారు. తవ్వినవారికి కూలి ఇచ్చారు. పేరయ్య గారి వంటి తెలుగు బోధకులు మేస్త్రీలుగా నిలబడి పని చూసుకున్నారు. సాయంత్రం గుంపుల మధ్య కూర్చుని మాట్లాడేవారు.

ఈ కథలో నాకు అన్నిటికంటె నచ్చిన భాగం ఆ తర్వాతది. కరువు నడుస్తున్న రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని వేలమంది అడిగారు. క్లౌ గారు దాదాపు పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వలేదు. గింజల కోసం మతం మారారనే మాట రాకూడదని, రేపు గింజలు ఆగితే విశ్వాసమూ ఆగిపోయే మనుషులు సంఘంలో ఉండకూడదని ఆయన ఉద్దేశం. కూలి పనులు ముగిసి, పంచడానికి ఏమీ మిగలని రోజుల్లో మళ్ళీ రమ్మన్నారు. వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది.

ఆ అంకెను క్రైస్తవులు గొప్పగా చెప్పుకుంటారు. నేనైతే ఆ పదిహేను నెలల ఆగడాన్ని గొప్పగా చెబుతాను. సాయం వేరు, విశ్వాసం వేరు అని గీత గీసి, ఆకలిగొన్నవాణ్ణి ఏమీ అడగకుండా అన్నం పెట్టడం ఈ చరిత్రలో ఎప్పుడూ జరిగిందని నేను అనలేను. జరిగిన చోట మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

మనకు దగ్గరలో మెదక్ చర్చి ఉంది. మన బడి పిల్లలు విహారయాత్రకు వెళ్ళి, బయట ఎండలో నిలబడి ఫొటో దిగిన చోటే. చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు 1895లో తిరుమలగిరి పటాలంలోని సైనికులకు గురువుగా సికింద్రాబాద్ వచ్చి, రెండేళ్ళకు మెదక్ చేరారు. ఆయన కట్టించిన ఆ చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. దాని గోపురం 175 అడుగుల ఎత్తు. కరువు రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళవారికి ఆ కట్టడం పనే తిండి పెట్టిందని మెదక్ ప్రాంతంలో ఈనాటికీ చెప్పుకుంటారు. రంగు అద్దాల కిటికీలు చూసి వచ్చే మనం, రాళ్ళు మోసిన చేతులను కూడా ఒక్కసారి తలచుకోవాలి.

పిడికెడు గింజలు

దోర్నకల్ అంటే మనలో చాలామందికి రైలు మారే జంక్షను. క్రైస్తవ ప్రపంచానికి అది వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారి ఊరు. ఆయన 1874లో తిరునల్వేలి జిల్లాలో పుట్టిన తమిళుడు. తిరునల్వేలి క్రైస్తవులు తమ డబ్బుతో 1903లో ఒక మిషనరీ సంఘం పెట్టుకుని, తెలుగు దేశానికి మనుషులను పంపారు. ఆ పని మీదే 1909లో ఆయన దోర్నకల్ వచ్చారు, తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

1910లో ఎడింబరో నగరంలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. ఆ సభలో అజరయ్య గారు తెల్ల మిషనరీల ముఖం మీదే ఒక మాట చెప్పారు. మీరు మాకోసం ఎంతో త్యాగం చేశారు, కానీ మమ్మల్ని మీ సమానులుగా, స్నేహితులుగా చూడడం లేదని దాని సారాంశం. సభలో కొందరు నొచ్చుకున్నారు. ఒక గదిలో కూర్చుని ఆరాధించేవారు ఒక బల్ల దగ్గర కూర్చుని భోంచేయలేకపోతే ఆ ఆరాధన ఎందుకని ఆయన బాధ.

దోర్నకల్ పల్లెల్లో ఆయన సంఘం అంతా దాదాపు మాల, మాదిగ కూలీలే. అటువంటి పేదలు తమ గురువు జీతం తామే ఎలా ఇవ్వగలరని చాలామంది అడిగారు. దానికి జవాబు పిడికెడు గింజలు. ఇల్లాలు అన్నం వండేటప్పుడు కొలిచిన గింజల్లోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. అలా చేరినవి ఆదివారం గుడికి పట్టుకెళుతుంది. మగవాడి చేతిలో కూలి డబ్బులు ఉన్నా లేకపోయినా ఆమె కానుక ఆగదు. ఇంట్లో దాదాపు ఏ నిర్ణయమూ తనది కాని ఆడమనిషికి ఆ పిడికెడు తన సొంతం. పొయ్యి వెలిగించేటప్పుడల్లా విశ్వాసం ఒకసారి ఆమె చేతిలోకి వచ్చేది.

పంట చేతికి వచ్చాక కోత పండుగ చేసేవారు. కోడి, గుడ్లు, గుమ్మడికాయ, జొన్నల బుట్ట, ఏది ఉంటే అది తెచ్చి అర్పించేవారు, వాటిని వేలం వేసేవారు. ఈ పద్ధతి మన కాప్రా చర్చిల్లో ఇప్పటికీ ఉంది. సంతలో యాభై రూపాయలకు దొరికే గుమ్మడికాయను ఇద్దరు అంకుళ్ళు పంతాలకు పోయి వేల రూపాయల దాకా పాడడం మీలో చాలామంది చూసే ఉంటారు. నవ్వు వచ్చే దృశ్యమే. కానీ దాని వేరు ఆ కూలివాళ్ళ బుట్టలో ఉంది.

1912లో యాభై ఆరు వేల పైచిలుకు ఉన్న దోర్నకల్ సంఘం, 1940లు వచ్చేసరికి రెండు లక్షలు దాటింది. అజరయ్య గారి ఉపన్యాసాలే దానికి కారణమని నేను అనుకోను. సంఘంలో చేరినవారు తాగుడు మానడం, ఇల్లు శుభ్రంగా పెట్టుకోవడం, పిల్లల్ని బడికి పంపడం పొరుగువారు రోజూ చూశారు. అగ్రకులాలవారు కొందరు తరువాత సంఘంలో చేరడానికి కూడా తమ పాలేళ్ళలో కనిపించిన ఈ మార్పే కారణమని ఆయన ఎన్నోసార్లు చెప్పారు. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే ఆయన కన్నుమూశారు.

డిచ్‌పల్లి

నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు రోగుల ఆసుపత్రి ఒకటి మొదలైంది. నడిపినవారు స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్. దానికి అండగా నిలిచి పెద్ద మొత్తం ఇచ్చినవారు రాజా నర్సాగౌడ్ గారు. ఆయన హిందువు. రోగిని ఊరి బయట పడేసి, చచ్చేదాకా ఇంత ముద్ద పెట్టడం అప్పటి దయ. కెర్ దంపతులు చికిత్స మీద పట్టుబట్టారు. ఒక అడవి గింజల నుంచి తీసే నూనెను సూదిమందుగా ఎక్కించే పద్ధతి అప్పుడే వస్తున్నది. దాన్ని ఓపికగా, నెలల తరబడి ఇచ్చారు. నయమైనవారిని ఇళ్ళకు పంపించారు.

ఈ ఆసుపత్రి కథ ఇక్కడ చెప్పడానికి నాకు ఒక కారణం ఉంది. రోజూ అవే పుండ్లు కడగడం, అవే కట్లు మార్చడం, అదే సూది పొడవడం. అందులో ప్రసంగం లేదు, పండుగ లేదు. ఒక హిందువు డబ్బు, ఒక క్రైస్తవురాలి చదువు, అన్ని కులాల, మతాల రోగులు. మన టీచర్లకు ఈ కథ వేరుగా చెప్పనక్కరలేదు. ఏటేటా అదే ఎక్కం, అదే వ్యాకరణం కొత్త పిల్లలకు విసుగు లేకుండా చెప్పేవారికి ఆ ఓపిక తెలుసు.

ఒకే పంక్తి

మంచి మాత్రమే చెబితే చరిత్ర కాదు. తెలుగు క్రైస్తవ సంఘం పెద్ద ఓటమి కులం. మాలలు ఎక్కువగా చేరిన చోట మాదిగలు వేరే శాఖలోకి వెళ్ళడం, అగ్రకులాలవారు చేరిన చోట వేరే వరసలో కూర్చోవడం, పెళ్ళి సంబంధాల దగ్గర పాత గోడలు అలాగే నిలవడం దాచినా దాగని నిజాలు. ఒకే గిన్నెలోంచి ప్రభు సంస్కారం తీసుకున్న రెండు కుటుంబాలు వియ్యం అనగానే కులం అడుగుతాయి. ఇది నేను పుస్తకాల్లో చదివి రాస్తున్న మాట కాదు.

దీన్ని ఎదిరించిన ప్రయత్నాలూ ఉన్నాయి. పంజాబ్‌లో పుట్టిన భక్త్ సింగ్ గారు 1950లో హైదరాబాద్ గోల్కొండ చౌరస్తాలో హెబ్రోను స్థాపించారు. అక్కడి మహాసభలకు వేలమంది వచ్చేవారు. వచ్చినవారందరూ పెద్ద పందిళ్ళలో నేల మీద చాపల మీద పంక్తిలో కూర్చుని ఒకే వంట తినాలి. ఆఫీసరూ, అతని ప్యూనూ ఆ పంక్తిలో పక్కపక్కనే కూర్చునేవారు. వడ్డించేవాడి కులం ఎవరూ అడగకూడదు. 2000 సెప్టెంబరులో భక్త్ సింగ్ గారు చనిపోయినప్పుడు ఈ జంటనగరాల్లో ఆయన వెంట నడిచిన జనం మామూలు జనం కాదు. ఆయన ప్రసంగాలు మరచిపోయినవారికి కూడా ఆ భోజనాల పంక్తి గుర్తుంది.

ఇక మన బడికి దగ్గరగా వచ్చే సంగతి ఒకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. క్రైస్తవులైన దళితులు మన రాష్ట్రంలో బీసీ–సి జాబితాలోకి వస్తారు, వారికి రిజర్వేషన్ ఒక్క శాతం. దాంతో ఎన్నో ఇళ్ళలో పిల్లలకు రెండు పేర్లు వచ్చాయి. బడి హాజరు పట్టీలో ఒక పేరు, చర్చి రిజిస్టరులో మరొకటి. మనతో చదివినవారిలోనూ అటువంటివారు ఉన్నారు. ఇంట్లో ఎవరూ పిలవని పేరుకు రోజూ పొద్దున ‘ప్రెజెంట్ సార్’ అనేవారు. వాళ్ళ తల్లిదండ్రులను కపటులని అనేవారు మా చర్చిలోనూ ఉన్నారు, బయటా ఉన్నారు. నేను అనలేను. పిల్లవాడి స్కాలర్‌షిప్పు ఒక వైపు, నమ్మిన దేవుడి పేరు మరో వైపు పెట్టి ఏది కావాలని అడిగితే, ఆ తూకం ముందు నిలబడినవారికే దాని బాధ తెలుస్తుంది. మోట తోలు కుట్టనని మేర గింజలు వదులుకున్న మనిషి మనవళ్ళకు మళ్ళీ అటువంటి ప్రశ్నే ఎదురైంది. కొందరు వదులుకున్నారు, కొందరు వదులుకోలేకపోయారు. ఇద్దరూ ఆ ఆదివారం ఒకే చాప మీద కూర్చున్నారు.

మన సంగతి

ఈ పుటలన్నీ తిరగేశాక నాకు అర్థమైనది ఒకటే. మన ప్రాంతంలో క్రైస్తవ విశ్వాసానికి సాక్ష్యం చెప్పినది ఎక్కువగా చిన్న పనులు, అవి కూడా రోజూ చేసినవి. చేసినవారిలో చాలామంది పేర్లు మనకు దొరకవు. కాలువ తవ్వినవారి పేర్లు, పిడికెడు గింజలు తీసిన ఆడవాళ్ళ పేర్లు, డిచ్‌పల్లిలో కట్లు మార్చిన సహాయకుల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. అయినా వాళ్ళు లేకపోతే బిషప్పులూ లేరు, గోపురాలూ లేవు. యాకోబు పత్రికలో విశ్వాసానికీ క్రియకూ పెట్టిన ముడి వారు చదివి ఉండకపోవచ్చు. చేసి చూపించారు.

ఇది ఒక్క మతం సొత్తు అని కూడా నేను అనడం లేదు. మౌలాలి గుట్ట దగ్గర పెరిగిన ముస్లిం మిత్రులు జకాత్ గురించి, హిందూ మిత్రులు తమ ఇంట్లో అతిథికి తీసి ఉంచే ముద్ద గురించి ఇటువంటి వ్యాసమే రాయగలరు. వచ్చే సంచికలో రాయాలని కోరుతున్నాను.

ముగించే ముందు ఒక మనవి. మన బడిలో ఈనాడు చదివే పిల్లల్లో ఫీజుకు తడుముకునే ఇళ్ళవారు ఉన్నారు. అది టీచర్లకు బాగా తెలుసు. స్వర్ణోత్సవం సందర్భంగా పెద్ద విరాళాలు ఇచ్చేవారు ఇస్తారు, వారికి మన కృతజ్ఞతలు. కానీ ఏడాదికి ఒకసారి ఇచ్చే పెద్ద మొత్తం కంటె, మనలో ప్రతి ఒక్కరూ నెల జీతమో, పెన్షనో చేతికి రాగానే ముందుగా పక్కన తీసే కొంచెం ఎక్కువ కాలం నిలుస్తుందని దోర్నకల్ ఇల్లాళ్ళ చరిత్ర చెబుతున్నది. మన సంఘం కార్యవర్గం అటువంటి నెలనెలా నిధి ఒకటి మొదలుపెట్టాలని కోరుతున్నాను. ఎవరు ఎంత ఇచ్చారో బోర్డు మీద రాయకుండా, ఏ పిల్లవాడికి అందిందో మరో పిల్లవాడికి తెలియకుండా నడిపితే ఇంకా మంచిది. పుచ్చుకునే పిల్లవాణ్ణి కులమూ, మతమూ అడగకూడదు.